ఆకలి డాక్టరమ్మ

పోయిన ఆదివారం మా కాఫీ కొట్టు దగ్గర ఒక కారు ఆగింది. హైదరాబాదు వాళ్లు, భార్యాభర్తలు. ఆయన బొంగులో చికెన్ కావాలని ముచ్చటపడి చేయించుకుని, తీరా ఆకులో వడ్డించాక రెండు ముక్కలు కొరికి పక్కకి జరిపేశాడు. నా చేతి వంటని అలా జరిపేసినవాళ్లు ఇంతవరకూ లేరు. చిర్రెత్తుకొచ్చింది. పైకి మాత్రం నవ్వుతూ, "బాగోలేదా సార్?" అన్నాను.

"అయ్యో, చాలా బాగుందండీ. బరువు తగ్గడానికి సూది వేసుకుంటున్నాను, వారానికొకటి. తినాలనే కూర్చుంటాను, రెండు ముద్దలకే చాలనిపిస్తుంది."

"ఇదివరకు ఈయనకి కనబడకుండా గిన్నెలు దాచేదాన్ని," అంది ఆవిడ, ఆయన ముక్కలు తన ఆకులోకి లాక్కుంటూ.

"అంతే కదండీ," అన్నాను కాఫీ వడపోస్తూ. "పొట్ట నిండితే మెదడుకి ఒక కబురు వెళుతుంది. మీ మందు ఆ కబురు వేషం వేసుకుని ముందే వెళ్లి మెదడులో రిసెప్టర్ దగ్గర కూర్చుంటుంది. మెదడు నిజమే కాబోలనుకుంటుంది."

ఆయన చేతిలో గ్లాసు సగంలో ఆగిపోయింది. "మీరేం చదువుకున్నారండీ?" అన్నాడు.

అరకులో బీఏ చదువుకున్నాను. మిగిలింది ఆకలి డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ మాట చెబితే ఇంకో అరగంట చెప్పాలని ఊరుకున్నాను గానీ, కారు వెళ్లిపోయాక ఆ రోజంతా ఆవిడే కళ్లలో మెదిలింది.

ఆవిడకి పేరు లేకపోలేదు. మెడలో వేసుకునే కార్డు మీద పేరు, పేరు వెనకాల నాలుగు డిగ్రీలు ఉండేవి. మా కొండ మీద ఎవరూ అంతదూరం చదవలేదు. జ్వరాల డాక్టరు, పళ్ల డాక్టరు ఉన్నట్టే ఈవిడ ఆకలి డాక్టరమ్మ. మొదటిసారి జీపు దిగినప్పుడు ఆకలికి మందిస్తుందని ఊరంతా పాకింది. "ఆకలికి మందు అన్నం కదేటి? దానికి డాక్టరెందుకు?" అంది మా మేనత్త. అంది గానీ, ఎందుకైనా మంచిదని లైన్లో ముందు తనే నిలబడింది.

నన్ను పనిలో పెట్టుకున్నది మాటలు మార్చడానికి. మా ఊళ్లో పెద్దవాళ్లకి తెలుగు సంతకి సరిపడా మాత్రమే వచ్చు. బేరం దాటితే మా భాషలోకి వెళ్లిపోతారు. ఆవిడ అడిగింది వాళ్లకి, వాళ్లు చెప్పింది ఆవిడకి చేరవేయడం నా పని. మా మేనత్తకి మాత్రం నా అవసరం లేదు. ముప్పై ఏళ్లు సంతలో అల్లం, పిప్పళ్లు అమ్మిన మనిషి, తెలుగులో నాకంటే గట్టిగా పోట్లాడగలదు.

డాక్టరమ్మ పొట్టిగా, గుండ్రంగా ఉండేది. గడ్డంకింద తాడు కట్టుకునే ఈతాకు టోపీ ఒకటి పెట్టుకునేది. ఆకలి మీద పరిశోధన చేసే మనిషంటే బక్కపల్చగా, లెక్కగా రెండు బిస్కెట్లు తిని నీళ్లు తాగే రకం అనుకున్నాను. ఈవిడ తిండిపోతు. నేను వెనకాల అంటున్న మాట కాదు, ఆవిడే చెప్పుకునేది. ఘాట్‌రోడ్డు మీద జీపు మలుపు తిరుగుతుంటే గాలిలోకి ముక్కు పెట్టి, "ఆపు, ఆపు! ఎక్కడో పనసపండు కోస్తున్నారు!" అనేది. నిజంగానే తర్వాతి మలుపులో ఎవరో ఒకరు కోస్తూ ఉండేవారు. షేరు జీపులో మిగతా పదిమంది తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు. ఈవిడ పనస తొనలు తెచ్చి అందరికీ పంచేసరికి వాళ్లూ మెత్తబడేవారు. "ఇది నేను అడగడం లేదు, నా మెదడు అడుగుతోంది. నేను ఉత్త కూలీని," అనేది నోరు నిండా పెట్టుకుని.

ఏ కొత్త వంటకమైనా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లు మూసుకుని చూపుడువేలు పైకెత్తేది. ఆ వేలు దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి సర్పంచి ఏదో ముఖ్యమైన సంగతి చెబుతుంటే మధ్యలో వేలెత్తేసింది. అది మామూలు కందిపప్పు. సర్పంచి నోరు మూసుకుని వేలు దిగేదాకా నిలబడ్డాడు.

సంచిలో ఎప్పుడూ ఉప్పూకారం కలిపిన చిన్న డబ్బీ ఉండేది. జామకాయ కనబడితే చాలు, డబ్బీ బయటికి వచ్చేది.

అంత తినే మనిషి ఇరవై ఏళ్లు ఎలకలతో గడిపింది. మా మేనత్తకి ఆ సంగతి ఒకరోజు మా అరుగు మీద కూర్చుని చెప్పింది. "పొట్ట కబురు పంపుతుంది అత్తా. మెదడులో ఆ కబురు అందుకునే చేతులుంటాయి. వాటినే రిసెప్టర్లంటారు. ఒకరకం చేతులు కట్టేస్తే ఎలక తింటూనే ఉంటుంది, ఇక చాలని తెలీదు. ఇంకోరకం కట్టేస్తే ఎదురుగా గింజలున్నా తినదు, అలాగే కూర్చుంటుంది."

"ఆకలేయదేటి దానికి?"

"పొట్ట ఖాళీగానే ఉంటుంది. తినాలన్న బుద్ధి పుట్టదు."

మా అత్త కాసేపు ఆలోచించి, "పాపం, పెళ్లైన కొత్తలో నాకూ అలాగే ఉండీది," అంది.

ఆ ఎలకల సంగతి మనుషుల్లో ఎలా ఉంటుందో చూడడానికే డాక్టరమ్మ కొండెక్కింది. ఏడాదికి పని ఒప్పుకుంది. ఆ ఏడాది ఆఖర్న వేసవిలోనే ఆవిడ ఉద్యోగ విరమణ కూడా. ఆలోగా పని తేలకపోతే దాన్ని మళ్లీ ఎత్తుకునేవాళ్లు ఎవరూ లేరు. ఈ సంగతి నాకు మొదటి వారంలోనే చెప్పింది. "ఇది నా ఆఖరి వడ్డన అమ్మాయ్. మాడకుండా చూసుకోవాలి," అంది.

పని ఎలాగంటే, మనుషులు తెల్లారగట్ల పరగడుపున రావాలి. చేతి నుంచి కొంచెం రక్తం తీసి ఐసు పెట్టెలో పెడతాం. తర్వాత ఆకు మూతలు పెట్టిన గిన్నెలు ఒక్కొక్కటే తెరిచి వాసన చూపిస్తాం. ఒకదాంట్లో కోడికూర, ఒకదాంట్లో పనసగింజల కూర, ఒకదాంట్లో ఆ కాలంలో దొరికే కాయో పండో. అది ఎంత తినాలనిపిస్తోందో చెప్పాలి. కాగితం మీద సున్నా నుంచి పది దాకా గీత గీసి చూపిస్తే ఎవరికీ అర్థం కాలేదు. "ఎంత తినాలనుందో సున్నాలో ఎలాగ సెప్తాం?" అన్నారు. అప్పుడు నేను అడ్డాకు దొప్పలు అయిదు కుట్టి వరసగా పెట్టాను. మొదటిది ఖాళీ. తర్వాత వాటిలో కొంచెం కొంచెం పెంచుకుంటూ చోళ్లు, అంటే రాగులు పోశాను. అయిదోది నిండు. ఎంత ఆకలుంటే ఆ దొప్ప మీద వేలు పెట్టాలి. డాక్టరమ్మ ఆ దొప్పల చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది తట్టక పెద్ద పెద్ద చోట్ల పెద్ద పెద్దవాళ్లు జుట్టు పీక్కుంటున్నారే," అంది. నేను ఆ రోజు నేల మీద నడవలేదు.

చలికాలం మూడు నెలలూ అలాగే చేశాం. మంచు కురుస్తుంటే గొంగళ్లు కప్పుకుని వచ్చేవారు. "ఏమన్నా తిన్నారా?" అని నేను అడగడం, "తిన్నేదు" అని వాళ్లు అనడం, నేను పుస్తకంలో పరగడుపు అని రాయడం. పుస్తకం నిండుతోంది, పెట్టెలు వెళుతున్నాయి, డాక్టరమ్మ కూనిరాగాలు తీస్తోంది.

ఒకరోజు మా మేనత్త వంతు వచ్చింది. "ఏం తిన్నావత్తా?" అని డాక్టరమ్మే అడిగింది.

"ఏటీ తిన్నేదు."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. పైపెదవి మీద బూడిదరంగు చార ఉంది. "మరి ఇదేమిటి?"

అత్త కొంగుతో తుడుచుకుంది. "అంబలి."

"అంబలి తాగావా?"

"తాగనా మరి? తెల్లారింది కదా."

"ఎంత?"

"రెండు ఆనపబుర్రలు. సలి కదేటి, రోజుకంటే ఒకటెక్కువ."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేను నేల చూపులు చూశాను. ఎందుకంటే నేనూ పొద్దున్నే తాగొచ్చాను. ఊరంతా తాగే వచ్చింది, మూడు నెలల నుంచీ. అబద్ధం ఎవరూ చెప్పలేదు. మాకు అన్నం పడితేనే తిన్నట్టు. అంబలి తిండి కిందకి రాదు, పొద్దున్నే మొహం కడుక్కోవడం లాంటిది. మొహం కడుక్కున్నామని ఎవరైనా చెబుతారా? బీఏ చదివిన నాకు కూడా ఆ ఆలోచన రాలేదు.

డాక్టరమ్మ అలాగే అరుగు మీద కూలబడింది. "నాకూ ఒక బుర్ర పొయ్యండి," అంది. తాగింది. వేలెత్తింది. వేలు దించి, "ఇంత బాగుంటే తాగక ఏం చేస్తారు!" అంది. ఇంకో రెండు బుర్రలు తాగింది.

మధ్యాహ్నం పుస్తకం ముందేసుకుని ఎర్ర పెన్నుతో ఒక్కో పేజీ కొట్టేయడం మొదలుపెట్టింది. "ఆగండి మేడం," అన్నాను. "అందరూ ఒకేలాగ తాగేరు కదా. పరగడుపనే ఉంచీద్దాం. ఈ సంగతి మీకూ నాకూ తప్ప ఎవులికి తెలుస్తాది?"

"రక్తానికి తెలుసు కదే," అంది తలెత్తకుండా. "నువ్వు తినలేదని రాస్తావు, అది తిన్నానంటుంది. నేను ఎవరి మాట నమ్మను?"

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. సాయంత్రం దాకా అన్ని పేజీలూ తనే కొట్టేసింది, ఒక్క పేజీ కూడా నా చేతికివ్వకుండా. మూడు నెలల పని. నాకు సిగ్గేసింది. తెలిసి చేసిన తప్పు కాకపోయినా, దాచేద్దామన్న మాట మాత్రం తెలిసే అన్నాను.

మర్నాటి నుంచి ప్రశ్న మారిపోయింది. "నిద్రలేచాక నోట్లోంచి లోపలికి ఏమేం వెళ్లింది?" అని అడగమంది. నీళ్లు, చుట్టపొగ, జీలుగు కల్లు, అన్నీ బయటపడ్డాయి. ఒక తాత బాగా ఆలోచించి ఈగ అన్నాడు. డాక్టరమ్మ అదీ రాయించింది.

ఈసారి నిజం పరగడుపున, ఉన్న కొద్ది నెలల్లోనే అంతా మళ్లీ మొదలుపెట్టాం. అప్పటికి మామిళ్లు పండుతున్నాయి. మూడో గిన్నెలో పండిన మామిడి ముక్కలు పెట్టాం. ఆ వాసనకి డాక్టరమ్మ మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేది. చిత్రం ఏమిటంటే, వచ్చినవాళ్లందరూ కోడికూరకి నాలుగో దొప్పో అయిదో దొప్పో చూపించి, పనసగింజలకి మూడో నాలుగో చూపించి, మామిడికి వచ్చేసరికి ఖాళీ దొప్ప మీద వేలు పెట్టేవారు. ముసలీ ముతకా, పడుచువాళ్లూ, పాస్టరుగారి తల్లితో సహా. అందరూ ఖాళీ దొప్పే.

నాలుగో రోజు డాక్టరమ్మ పెన్ను కిందపెట్టింది. "నువ్వేమన్నా చెప్పి పంపిస్తున్నావా?" అంది నాతో. అంబలి తర్వాత ఆ మాట పడాల్సిందే.

మా మేనత్త అడ్డు పడింది. "ఇదేటి సెప్తాది? ఇంకా కొత్త పెట్టనేదు కదా!"

ఏ పంటైనా, కాయైనా ముందు ఊరి దేవతకి పెట్టాకే మేం నోట పెడతాం. దాన్ని కొత్త అంటాం. ఏ రోజు పెట్టాలో దిసారి చెబుతాడు. నక్షత్రాలు చూసి ఊరి పనులకి ముహూర్తాలు పెట్టే పెద్దమనిషి ఆయన. ఆ రోజు దాకా కాయలు రాలి కాళ్లకి తగులుతున్నా ఎవరూ ముట్టరు. డాక్టరమ్మకి అది అర్థమైంది. అర్థం కానిది వేరే ఉంది.

"తినకూడదని ఆగడం వేరత్తా. తినాలనే అనిపించకపోవడం వేరు. నిజం చెప్పు, నోట్లో నీళ్లూరవా?"

"ఎందుకూరుతాయి? అది దేవతది కదా ఇంకా. పక్కింటోల మొగుడ్ని సూసి నీకు నోరూరుతాదేటి?"

డాక్టరమ్మ టోపీ ఊడి పడేలా నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు మెరిశాయి. "ఎలకకి ఇది చేతకాదు," అంది నాతో. "పొట్ట ఖాళీ, ఎదురుగా పండు. కోడికూర అంటే మెదడులో చెయ్యి చాపుతోంది, మామిడి అంటే చాపడం లేదు. మీ దిసారి పంచాంగం మెదడులోకి ఏ దారిన వెళ్లిందే?" కొత్త పెట్టే రోజు పొద్దున్న ఒకసారి, దేవతకి పెట్టాక అరగంటకి ఇంకోసారి, అవే మనుషుల్ని చూడగలిగితే చాలంది. అవే మనుషులు, అదే పొద్దు, అదే పరగడుపు. మారేది దేవత అనుమతి ఒక్కటే. అప్పుడు మెదడు మామిడికి కూడా చెయ్యి చాపితే, ఇరవై ఏళ్ల ఎలకల పనికి అర్థం దొరుకుతుందంది. ఇంకో అవకాశం ఏడాది దాకా రాదు. ఏడాది తర్వాత ఆవిడకి ఉద్యోగం ఉండదు.

పండగ పూట సూదులా? ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఆడవాళ్లందరి తరఫునా మా మేనత్తే బేరం పెట్టింది. "నెత్తురు మాది, పండగ మాది. నీదేటి మరి? కొత్త దాకా నువ్వూ మామిడి ముట్టకు. ఆ దినం మాతోపాటు నువ్వూ సెయ్యి సాపి గుచ్చించుకో. అప్పుడొత్తాం."

డాక్టరమ్మ ఒక్క క్షణం తడబడింది. ఆ తడబాటు చూసి ఆడవాళ్లందరూ విరగబడి నవ్వారు. తర్వాత, "సరే," అంది. మా అత్త చెయ్యి చాపింది, మాట తీసుకోవడానికి కాదు, ఉప్పూకారం డబ్బీ కోసం. డాక్టరమ్మ సంచిలోంచి తీసి ఇచ్చేసింది. కొత్త వచ్చేలోగా అందులో కారం సగం మా అత్తే తినేసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడకి కిందకి వెళ్లక తప్పలేదు, ఆఫీసు పని. విశాఖపట్నంలో వేసవి అంటే వీధివీధికీ మామిడి గుట్టలే. ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగేది ముహూర్తం గురించే. "మీ దిసారికి నక్షత్రాలు కొంచెం బేగి నడుస్తున్నాయేమో చూడమనవే!" అని బతిమాలేది. మా మాట ఒకటి పట్టుకోవడం ఆవిడకి సరదా.

కొత్త ముందురోజు ఆఖరి జీపుకి వచ్చింది. మా ఇంట్లోనే దిగింది. చేపల పులుసు వండాను. సగం తిని చాలంది. వేలెత్తలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాను.

తెల్లారేసరికి దేవత రాయి దగ్గర ఊరంతా చేరింది. బుట్టల్లో పళ్లు, పసుపు, బియ్యం. పక్కన మా బల్ల, సూదులు, ఐసు పెట్టె, అయిదు దొప్పలు. అంతా సిద్ధం. దిసారి వచ్చి డాక్టరమ్మ ఎదురుగా నిలబడి మా భాషలో అడిగాడు. మాట ప్రకారం మామిడి ముట్టకుండా ఉన్నావా అని.

నేను తెలుగులో చెప్పాను. ఆవిడ నాకు మాత్రమే వినబడేలా, "తిన్నానని చెప్పు," అంది.

నేను వినబడనట్టు చూశాను.

"మా చెల్లెలింట్లో. బంగినపల్లి. పొరపాటున కాదు, తెలిసే తిన్నాను. బాగుంది కూడా."

దిసారి నా మొహం చూస్తున్నాడు. ఊరంతా నా నోరు చూస్తోంది. తినలేదట అని మా భాషలో ఒక్క మాట నాలిక చివర ఉంది. ఆ ఒక్క మాటతో పని పూర్తవుతుంది, ఆవిడ ఇరవై ఏళ్లకి అర్థం దొరుకుతుంది. మా మేనత్త దూరంగా ఆడవాళ్లలో ఉంది, ఆవిడకి వినబడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు తిన్నావమ్మా అని కోపం, తిన్నదానివి నోరు మూసుకోవచ్చు కదా అని ఇంకా కోపం.

డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నేను చెప్పిందే చెప్పు. నీ పని అదే."

చెప్పాను.

మా మేనత్త జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఒక్క ముక్కేనా?" అంది తెలుగులో.

డాక్టరమ్మ తల వంచుకుంది. "రెండు పళ్లు."

"ఒలమ్మో! రెండా!"

పెద్దవాళ్లు పక్కకి వెళ్లి మాట్లాడుకున్నారు. నేను సూదులు తిరిగి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను. దిసారి వచ్చి చెప్పాడు. కొత్తకి ముందు తిన్నవాళ్లు ఎవరైనా తప్పు కట్టాలి. దేవతకి ఒక కోడి. ఊరంతా తిన్నాక ఆఖర్న తినాలి. డాక్టరమ్మ ఒప్పుకుంది. అప్పటికప్పుడు కోడి ఎక్కడ దొరుకుతుంది? మా మేనత్త దొడ్లోదే దిక్కు. అత్త కోడినిచ్చి, బదులుగా డాక్టరమ్మ తల మీద టోపీ తీసేసుకుంది. ఇప్పటికీ సంతకి ఆ టోపీతోనే వెళుతుంది.

కోడి దేవత ముందుకి వెళ్లాక దిసారి నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పంచె సర్దుకుని ఎడమచెయ్యి చాపాడు. నాకు అర్థం కాలేదు. మాట తప్పింది కదా, మీరింకా ఎందుకు ఇవ్వాలి అని అడిగాను.

"అడిగితే సెప్పింది. తప్పు కట్టింది. ఇంకేటుంది?" అన్నాడు, నా కోసం కాకుండా ఆవిడకి తెలియాలని తనకొచ్చిన తెలుగులో. "బేగి గుచ్చమను. పొద్దెక్కితే కొత్త దాటిపోతాది."

డాక్టరమ్మ సూది తీసింది. దిసారి వెనకాల మా మేనత్త, ఆ వెనకాల మిగతా ఊరు. ఆఖర్న డాక్టరమ్మ కూడా ఒప్పుకున్నట్టే చెయ్యి చాపి నాచేత గుచ్చించుకుంది. నేను పుస్తకంలో అందరితోపాటు ఆవిడకీ ఒక నంబరు వేశాను.

గిన్నెలు తెరిస్తే మామిడికి ఊరంతా ఎప్పట్లాగే ఖాళీ దొప్పే చూపించింది. తర్వాత దేవతకి పళ్లు పెట్టారు. అరగంటకి మళ్లీ రక్తం తీసి గిన్నెలు తెరిచాం. ఇంకా ఎవరూ నోట పెట్టలేదు. దిసారి ముందు వచ్చాడు. మామిడి గిన్నె మూత తీయగానే వేలు తిన్నగా అయిదో దొప్పలోకి, చోళ్లలోకి దిగిపోయింది. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. మా మేనత్త అయితే, "ఈ దొప్ప సిన్నదైపోనాది," అని నన్ను తిట్టింది. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ రాసుకుంటూ కళ్లు తుడుచుకుంది. రాసుకుంటూనే, "ఇది రుజువు కాదే అమ్మాయ్, మంచి అనుమానం మాత్రమే," అని పదిసార్లు అంది. ఊరంతా పళ్లు చీకుతుంటే దూరంగా ఒక రాయి మీద, ఎండలో, టోపీ లేకుండా తన వంతు కోసం కూర్చుంది. ఆఖర్న ఒక పండు దక్కింది, కొంచెం పుల్లది. కళ్లు మూసుకుని తింది.

ఆవిడ కిందకి వెళ్లిపోయాక ఉత్తరాలు లేవు గానీ ఫోన్లు ఉండేవి. ఉద్యోగం అయిపోయినా ఆ కాగితాల మీదే పనిచేస్తున్నానని చెప్పేది. పోయిన చలికాలంలో ఫోను ఆవిడ నుంచి కాకుండా ఆవిడ దగ్గర చదువుకున్న అమ్మాయి నుంచి వచ్చింది. నిద్రలోనే పోయిందట. ఆ రోజు కొట్టు తియ్యలేదు. మా మేనత్త అంబలి కాచింది గానీ ఇద్దరం తాగలేకపోయాం.

ఆ అమ్మాయే కొన్నాళ్లకి మళ్లీ చేసింది. మేడం పని తను పూర్తిచేసి అచ్చుకి పంపుతోందట. "ఒక్క సందేహం అక్కా. కొత్త రోజు పుస్తకంలో ఆఖరి నంబరు ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. రెండు పరీక్షలూ సక్రమంగానే ఉన్నాయి. ఎందుకు కొట్టేశారో రాయలేదు. కలిపేసుకోవచ్చా? ఒక్కరు ఎక్కువున్నా మాకు మేలు."

అది ఎవరి నంబరో నాకు తెలుసు. కొట్టేయడం మాత్రం నాకు చెప్పలేదు. ఎప్పుడు కొట్టిందో, ఆ రాత్రే మా ఇంట్లో కూర్చునో, తర్వాత తన ఇంట్లోనో. ఆవిడ పని మేలు కోరే మనిషే అడుగుతోంది, ఆవిడ మీద ప్రేమతోనే అడుగుతోంది.

"వద్దమ్మా," అన్నాను. "ఆ మనిషి ముందే మామిడిపండు తినేసింది. ఉన్నదున్నట్టు రాసెయ్యి."

అచ్చయ్యాక ఆ అమ్మాయి పంపింది. నాకు అర్థమయ్యే ముక్క ఒకటే కనబడింది. పండగకి ముందు మామిడి తిన్నందువల్ల ఒకరిని లెక్కలోంచి తొలగించాం, అని. మా మేనత్తకి తెలుగు చేసి చదివి వినిపించాను. అల్లం తుడుస్తూ విన్నది. చెయ్యి ఆపింది.

"పేరెట్టినారేటి?"

"లేదత్తా."

"మంచి పని సేసినారు. తప్పు కట్టీసినాక ఆ పేరు మళ్లీ ఎత్తకూడదు," అని, మళ్లీ అల్లం తుడవడంలో పడింది.

నేనూ ఎత్తలేదు.